రాయడం వచ్చినవాడు గుమాస్తాయేనా?

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం సుమారు 160 మంది వ్యవసాయ విస్తరణ అధికారులను సస్పెండ్ చేసింది. డిజిటల్ పంట సర్వే తమ వల్ల కాదని వారు చెప్పడమే కారణం. ప్రతి సర్వే నంబరు దగ్గరికీ వెళ్లి, పొలంలో నిలబడి ఫోన్‌లో ఫోటో తీసి, ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో నమోదు చేయడమే ఆ సర్వే. పైకి ఇది పనిభారం గొడవ. లోపల ఇంకో ప్రశ్న ఉంది. ఒక విద్య నేర్చుకున్న మనిషిని ఆ విద్య కోసం నియమించి, తీరా గుమాస్తా పని చేయిస్తే నష్టపోయేది ఎవరు?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ లాంటి మండలంలో ఈ ప్రశ్నకు జవాబు త్వరగానే దొరుకుతుంది. 5,000 ఎకరాలకు ఒక విస్తరణ అధికారి అన్నది రాష్ట్రంలో పెట్టుకున్న లెక్క. మైదానంలో 5,000 ఎకరాలు వేరు, అడవి అంచున కోయ గూడేల చుట్టూ, లంబాడా తండాల చుట్టూ ముక్కలు ముక్కలుగా ఉన్న 5,000 ఎకరాలు వేరు. దీనికి తోడు 2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీలో రాష్ట్రమంతటా సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల మీద హక్కు వచ్చింది. అది మంచి మాటే. ఆ పట్టాదారులను రైతుబంధులో చేర్చి, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకునే పని కూడా మళ్లీ ఈ ఒక్క మనిషి మీదే పడింది. రుణమాఫీలో రేషన్ కార్డు లేని కుటుంబాల నిర్ధారణ, రైతు బీమా నమోదు, పంటల నమోదు సరేసరి.

వీళ్లు చదివింది వ్యవసాయం. పక్కనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి శాస్త్రజ్ఞుడికి తెలిసిన సంగతి చండ్రుగొండ పత్తి రైతుకు అర్థమయ్యే మాటల్లోకి రావాలంటే మధ్యలో ఒకరు కావాలి. గులాబీ రంగు పురుగు లోపల కాయను తినేస్తుంటే పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుందని, లింగాకర్షక బుట్టలు ముందే పెట్టాలని చేలో నిలబడి చూపించేవారు కావాలి. మందు డబ్బా మీది ఎర్ర త్రికోణానికీ ఆకుపచ్చ త్రికోణానికీ విషంలో ఎంత తేడా ఉందో చెప్పేవారు కావాలి. కోయ భాష మాట్లాడే ఇంట్లో ఆ సన్నటి అక్షరాలు ఎవరు చదివి పెడతారు?

హైదరాబాద్ మాదాపూర్‌లో టెక్నికల్ రైటర్లుగా పనిచేస్తున్న మన పిల్లలు చేసేదీ ఇలాంటి పనే. ఇంజినీరు కట్టిన దాన్ని వాడేవారికి అర్థమయ్యేలా రాస్తారు. ‘ఎలాగూ రాస్తావు కదా’ అని మీటింగుల మినిట్స్, ఫైళ్ల సర్దుబాటు వాళ్ల నెత్తిన పెట్టడం ఆ వృత్తిలో పాత ఫిర్యాదే. కలం పట్టినవాడల్లా గుమాస్తా అనే చూపు మనకు బాగా అలవాటు. బడి పంతుళ్ల విషయంలో మాత్రం చట్టం కొంత అడ్డు నిలిచింది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బయటి పనులకు వారిని వాడరాదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. విస్తరణ అధికారికి ఆపాటి సెక్షన్ కూడా లేదు.

అధికారి చేలోకి రాకపోతే రైతు ఊరుకోడు. ఎండిన కొమ్మ తీసుకుని పురుగుమందుల దుకాణానికి పోతాడు. దుకాణదారు తన దగ్గర ఉన్నదే ఇస్తాడు, తరచూ అప్పు మీద ఇస్తాడు. 2021-22లో నల్ల తామర పురుగు ఖమ్మం మిర్చిని ఊడ్చేసినప్పుడు ఒక మందు తర్వాత ఇంకో మందు కొట్టి అప్పుల పాలైన రైతులు ఎందరో మన సంఘాల్లోనే ఉన్నారు.

రాతకోతల పని తక్కువదని మేము అనడం లేదు. రైతు బీమాలో నామినీ పేరు ఒక అక్షరం తప్పు పడితే ఒక విధవరాలికి రావాల్సిన 5 లక్షలు ఆగిపోవచ్చు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో వచ్చిన తగవూ విధవరాండ్ర పంపిణీ గురించే. అపొస్తలులు ఆ పనిని చిన్నచూపు చూడలేదు. వాక్య పరిచర్య వదిలి తామే నెత్తిన వేసుకోనూ లేదు. జ్ఞానం గల ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి, వారి మీద చేతులుంచి ప్రార్థించి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు ఆ ఏడుగురిలోనివారే. పౌలు చెప్పగా రోమా పత్రిక రాసిన తెర్తియు కూడా చివరి అధ్యాయంలో తన పేరుతోనే వందనాలు చెప్పుకున్నాడు.

మధ్యప్రదేశ్‌లో పంట సర్వేకు స్థానిక యువకులను పెట్టుకున్నారు. చండ్రుగొండలో డిగ్రీ పూర్తిచేసి ఇంటి దగ్గరే ఉన్న పిల్లలకు కొదవ లేదు. ఊరి గట్లు, వాగులు వాళ్లకు తెలుసు, కోయ మాట వచ్చినవాళ్లూ ఉన్నారు. సర్వే నంబరుకు ఇంత అని కట్టి, శిక్షణ ఇచ్చి, వాళ్ల పేరుతోనే నమోదు చేయించవచ్చు. వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు గారి స్వగ్రామం గండుగులపల్లి దమ్మపేట మండలంలోనే ఉంది. ఈ అడవి అంచు పొలాలు ఎలా ఉంటాయో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోగా ఒక్కో రైతు వేదికకు ఒక నమోదు సహాయకుణ్ణి ఇచ్చినా, విస్తరణ అధికారి వారంలో కనీసం మూడు రోజులు చేలల్లో ఉండగలుగుతాడు.