పాజిటివ్‌కీ పాపాయికీ మధ్య

మన నగరాల్లో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డుల మీద బోసినవ్వు పాపాయి పక్కనే ఒక శాతం కనిపిస్తుంటుంది. ఒకరు అరవై అంటారు, పక్క వీధివారు డెబ్బై అంటారు. ఫ్రీజ్ చేసి ఉంచిన పిండాన్ని గర్భాశయంలో పెట్టించుకుని, బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష కోసం పది పన్నెండు రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపే దంపతులకు ఆ శాతమే ఊతం. నూటికి అరవై మందికి నిలిచినప్పుడు మనకెందుకు నిలవదు అనుకుంటారు. ఆ అరవై ఏ వందలోది, ఏది జరిగితే సక్సెస్ అని రాసుకున్నారు అని ఆరా తీసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికుంటుంది? నిజానికి ఆ పని వాళ్లది కాదు. అడిగి, రాబట్టి, అందరికీ కనబడేలా పెట్టగల అధికారం చట్టప్రకారం ప్రభుత్వం చేతిలో ఉంది. అయినా ఏ క్లినిక్‌లో ఎంతమందికి బిడ్డలు పుట్టారో చెప్పే లెక్క మన ముందుకు రావడం లేదు. ఈ వారం నా తగవు దాని గురించే.

ఏ శాతానికైనా పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి. ఇలా ఫ్రీజ్ చేసిన పిండం పెట్టే చికిత్స (ఎఫ్‌ఈటీ) లెక్కల్లో రెండూ ఇష్టం వచ్చినట్టు మారిపోతుంటాయి. రక్తపరీక్ష పాజిటివ్ రావడాన్నే గెలుపుగా రాసుకోవచ్చు. ఆరేడు వారాల స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనబడితే రాసుకోవచ్చు. బిడ్డ ప్రాణంతో చేతికొచ్చాక రాసుకోవచ్చు. పాజిటివ్ వచ్చినవాటిలో కొన్ని వారం తిరక్కుండానే పడిపోతాయి, మరికొన్ని మూడో నెలలోపు పోతాయి, వయసు పెరిగేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. కాబట్టి ఒకే క్లినిక్, అవే కేసులు, మూడు వేర్వేరు శాతాలు. అబద్ధం ఆడాల్సిన పనే లేదు, అనువైనదాన్ని ఎంచుకుంటే చాలు. కింది అంకె సంగతి ఇంకా మెలిక. వందమంది ఆడవాళ్లు ఇంజెక్షన్లు మొదలుపెట్టారనుకోండి. కొందరికి అండాలు సరిగా రావు, కొందరివి ఫలదీకరణ చెందవు, కొందరి పిండాలు అయిదో రోజుదాకా పెరగవు. ట్రాన్స్‌ఫర్ బల్ల దాకా వచ్చింది డెబ్బైమంది, బిడ్డ పుట్టింది ఇరవై ఎనిమిదిమందికి అనుకుందాం. ట్రాన్స్‌ఫర్ లెక్కన అది నలభై శాతం. మొదలుపెట్టినవాళ్ల లెక్కన ఇరవై ఎనిమిది. దారిలో ఆగిపోయిన ముప్ఫైమందీ డబ్బు కట్టినవాళ్లే, ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్లే, కానీ నలభై శాతం అనే మాటలో వాళ్లు లేరు. దాత అండాలతో చేసిన కేసుల్ని కూడా ఇందులో కలిపేస్తే ఇక చెప్పేదేముంది! నలభై అయిదేళ్ల ఆవిడకు ఇరవై ఆరేళ్ల దాత అండంతో గర్భం నిలిస్తే, అది చూసి సొంత అండాలతో ప్రయత్నించే నలభై ఏళ్ల ఆవిడ ధైర్యం తెచ్చుకుంటుంది.

మరి నమ్మదగిన అంకె ఏదంటే, బ్రిటన్ వైపు చూడాలి. అక్కడ హెచ్ఎఫ్ఈఏ అనే నియంత్రణ సంస్థ 1991 నుంచి ప్రతి ఐవీఎఫ్ కేసునూ నమోదు చేస్తోంది. క్లినిక్‌ల వారీగా, వయసుల వారీగా ఫలితాలు ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడి ఇటీవలి లెక్కల్లో ముప్ఫై అయిదు లోపు వయసువారికి, సొంత అండాలతో చేసిన పిండం ఒకటి పెడితే బిడ్డ పుట్టే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. నలభై నుంచి నలభై రెండేళ్ల వారికి పదింట ఒకటి. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న దేశంలో, తనిఖీ ఉన్న లెక్కల్లో తేలిన మాట ఇది. ఫ్రీజింగ్‌కు వచ్చేసరికి ఒక ఊరట ఉంది. ఇక్కడ చూసేది పిండాన్ని లోపల పెట్టిన నాటి వయసు కాదు, అండం తీసిన నాటి వయసు. ముప్ఫై ఒకటో ఏట తీసి భద్రపరిచింది ముప్ఫై ఆరో ఏట వాడినా దాని సత్తా దాదాపు ముప్ఫై ఒకటిదే. చిటికెలో గడ్డకట్టించే విట్రిఫికేషన్ పద్ధతి వచ్చాక కరిగించినప్పుడు పదింట తొమ్మిదికి పైగా పిండాలు బతికి బయటపడుతున్నాయి. ఇక్కడ క్లినిక్‌లకు దక్కాల్సిన మెప్పు దక్కాల్సిందే.

అయితే తాజా పిండంకన్నా ఫ్రోజెన్ పిండమే మేలని అందరికీ ఒకే పాట పాడటం వేరు. చైనాలో పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్న మహిళల మీద జరిగి 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఫ్రోజెన్ పద్ధతిలో 49.3 శాతానికి, తాజా పద్ధతిలో 42 శాతానికి బిడ్డలు పుట్టారు. అండాశయాలు ఉబ్బిపోయే ప్రమాదమూ తగ్గింది. ఫ్రోజెన్ వైపు గర్భిణుల్లో బీపీతో వచ్చే ప్రీఎక్లాంప్సియా మాత్రం పెరిగింది. వియత్నాంలోనూ చైనాలోనూ పీసీఓఎస్ లేనివారి మీద జరిగి 2018లో వెలువడిన రెండు అధ్యయనాల్లో బిడ్డ పుట్టే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పీసీఓఎస్ మన అమ్మాయిల్లో తక్కువేం కాదు కనుక మొదటి ఫలితం మనకు పనికొచ్చేదే. కానీ పీసీఓఎస్ లేని అమ్మాయికి కూడా ‘అన్నీ ఫ్రీజ్ చేద్దాం, ఛాన్స్ ఎక్కువ’ అంటే, ఎందుకు ఎక్కువ అని అడిగే హక్కు ఆమెకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. డాక్టర్లే కాదు, ఇంట్లో పెద్దవాళ్లూ అంటారు: ఆశతో ఉన్నవాళ్లకు మూడింట ఒకటి, పదింట ఒకటి అని చెప్పి మనసు విరిచేయడమెందుకు, దిగులుపడితే నిలిచేది కూడా నిలవదు అని. ఈ రెండో మాటకు ఆధారం లేదు. 3,583 మంది మహిళలకు సంబంధించిన పద్నాలుగు అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి పరిశీలనలో, చికిత్సకు ముందు ఉన్న దిగులుకూ గర్భం నిలవడానికీ సంబంధం తేలలేదు. దిగులు వల్ల పోతుందన్న నమ్మకమే ఆ అమ్మాయి మీద రెండో భారం మోపుతోంది. నిలవకపోతే ‘ఏం ఆలోచించావో’, ‘మెట్లెక్కావా’, ‘బరువెత్తావా’, ‘బొప్పాయి తిన్నావా’ అంటూ విచారణ మొదలవుతుంది. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగకుండా పడుకుంటే మేలన్నదానికి కూడా రుజువు లేదు. నిలవకపోవడానికి ఎక్కువసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. నలభై ఏళ్ల వయసులో సగానికి పైగా పిండాలకు ఆ తేడా ఉంటుంది. ఆ పిండాన్ని లోపల పెట్టకముందే అది జరిగిపోయింది. మెట్లెక్కినా ఎక్కకపోయినా మారేది కాదు. మూడింట ఒకటే నిలుస్తుందని ముందే తెలిసిన అత్తగారు మూడింట రెండు నిలవకపోవడం మామూలేనని కూడా తెలుసుకుంటారు. అసలు అంకె వల్ల ఇంట్లో జరిగే మేలు ఇది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అంకె దాచినచోట కొత్త సరుకు అమ్ముడవుతుంది. ఒకసారి ఫెయిలయ్యాక ‘ఈసారి ఇంకొకటి కలుపుదాం’ అనే మాట వినని జంట అరుదు. గర్భాశయం లోపొరను గీరడాన్ని కొన్నేళ్లపాటు ప్రపంచమంతా నమ్మింది. 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో గీరినవాళ్లలో 26.1 శాతానికి, గీరనివాళ్లలో కూడా సరిగ్గా 26.1 శాతానికే బిడ్డలు పుట్టారు. పిండం పెట్టే ఘడియ ఎప్పుడో చెబుతామంటూ వచ్చిన ఈఆర్ఏ పరీక్ష సంగతీ అంతే. 2022లో వచ్చిన అమెరికా అధ్యయనంలో దాని ప్రకారం పెట్టినా, మామూలుగా పెట్టినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇవన్నీ బిల్లులో వేర్వేరు వరుసలు. హెచ్ఎఫ్ఈఏ ఇలాంటి అదనపు చికిత్సలకు రంగులతో రేటింగ్ ఇచ్చి, దేనికి రుజువుందో దేనికి లేదో బయటపెట్టింది. మనకు అలాంటి పట్టిక లేదు.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అసలైన అభ్యంతరం మరొకటుంది. ఫలితాలు బయటపెడితే క్లినిక్‌లు వయసు మీరినవారిని, కష్టమైన కేసులను గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి, లేదా అంకె పెంచుకోవడానికి రెండు మూడు పిండాలు ఒకేసారి పెట్టేస్తాయి అంటారు. భయం నిజమైనదే. పూర్తిగా తీరే మందు కూడా లేదు. కానీ వయసుల వారీగా, మొదలుపెట్టిన ప్రతి కేసునూ కింది అంకెలో చేర్చి, కవలలు, ఒకే కాన్పులో ముగ్గురు పుట్టినవాటిని విడిగా చూపిస్తే ఆ ఎత్తుల్లో చాలా భాగం పారవు. పైగా కష్టమైన కేసుల్ని వదిలేస్తారన్న భయంతో ఏదీ చెప్పకపోతే, ఆ కష్టమైన కేసులవాళ్లే కదా ఎక్కువ మోసపోయేది?

విదేశీ లెక్కలు మనకు సరిపోతాయా అని కొందరు అడుగుతారు. సరిపోకపోవచ్చు, అందుకే మన లెక్క కావాలి. భారతీయ మహిళల అండ నిల్వ స్పెయిన్ మహిళలకన్నా సుమారు ఆరేళ్ల ముందే తగ్గుతున్నట్టు ఒక పోలికలో కనబడింది. అంటే ఒక్కో విడతలో దక్కే పిండాలు మనకు తక్కువ కావచ్చు. డబ్బు దగ్గరా తేడా ఉంది. బ్రిటన్‌లో ఒక లక్షా యాభై ఆరువేల మందికి పైగా మహిళల రికార్డులు చూసి 2015లో రాసిన పత్రం ప్రకారం, ఒక విడతలో వచ్చిన తాజా, ఫ్రోజెన్ పిండాలన్నీ వాడితే బిడ్డ పుట్టే అవకాశం 29.5 శాతం. అలా ఆరు విడతలదాకా వెళితే అది 65.3 శాతానికి చేరుతుంది. ‘ఒకసారి పోతే అయిపోయినట్టు కాదు’ అని డాక్టర్లు చెప్పే మాటకు ఇదే ఆధారం, అది న్యాయమైన మాటే. కానీ అక్కడ కొంతమందికైనా ప్రభుత్వ ఖర్చుతో జరిగే చికిత్సకు ఇక్కడ నగలు తాకట్టుకు వెళతాయి, అర ఎకరం అమ్ముడవుతుంది. ఆరో విడతదాకా వెళ్లగల కుటుంబాలు మనలో ఎన్ని? మనవాళ్లకు కావాల్సింది మొదటి విడత, మహా అయితే రెండో విడత లెక్క.

ఈ లెక్క అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న సహాయక సంతాన చికిత్సల (ఏఆర్‌టీ) నియంత్రణ చట్టం ప్రకారం, ఆ క్లినిక్‌లో విజయావకాశాలెంతో దంపతులకు చెప్పడం క్లినిక్ బాధ్యత. దేశంలోని క్లినిక్‌లన్నింటి ఫలితాల వివరాలూ జాతీయ రిజిస్ట్రీకి చేరాలి. చేరిన వివరాలు సర్కారు బీరువాలో ఉంటే క్లినిక్ చెప్పిన అంకెను సరిచూసేదెవరు? సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పరాయి శిశువులను దంపతులకు అంటగట్టిన వ్యవహారం 2025 జూలైలో బయటపడ్డాక అందరూ లైసెన్సుల గురించే మాట్లాడారు. అది పోలీసులు చూసుకునే నేరం. లైసెన్సు సక్రమంగా ఉన్న క్లినిక్ చెప్పే శాతాన్ని సరిచూసే పని పోలీసులది కాదు. రుజువు అడగడం మన ప్రభుత్వాలకు చేతకాని పనీ కాదు. ఇదే దేశంలో 1978 అక్టోబరులో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఫ్రీజ్ చేసిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని కలకత్తాలో ప్రకటిస్తే, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసి, రుజువులు అడిగి, ఆయన మాట నమ్మకుండా కొట్టిపారేసింది. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన చెప్పింది నిజమేనని వైద్యలోకం చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకుంది. నాడు ఒక్క మనిషిని అన్ని రుజువులు అడిగిన వ్యవస్థ, ఇవాళ ఇన్ని క్లినిక్‌లను ఒక్క పట్టిక అడగడం లేదు.

ఢిల్లీ కదిలేదాకా ఆగాలనీ లేదు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. దానికి పేషెంట్ల కోసం పోటీ లేదు, బోర్డుల ఖర్చు లేదు. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది ట్రాన్స్‌ఫర్‌దాకా వచ్చారు, ఏ వయసువారికి ఎంతమంది బిడ్డలు పుట్టారు అని ఏటా ఒక కాగితం మీద రాసి ఓపీ గోడకు అంటించవచ్చు. అంకెలు చిన్నవే కావచ్చు, చూడటానికి బాగుండకపోవచ్చు కూడా. అయినా ప్రైవేటు క్లినిక్‌లో కూర్చున్న దంపతులకు, ‘గాంధీలో రాసిపెట్టారు, మీ దగ్గర ఎంత?’ అని అడగడానికి ఒక కాగితం దొరుకుతుంది.