భాష రానిది ఎవరికి?

ఉట్నూరు ఏజెన్సీలో సైకిల్ మీద పోయే మన పిల్లవాణ్ణి జీపువాడు గుద్ది పడేస్తాడు. వాడు లేచి గోండీలో నిలదీస్తాడు. డ్రైవరు తెలుగులోనో హిందీలోనో తిడతాడు. చుట్టూ చేరినవాళ్లు 'వీడికి భాష రాదు' అని తీర్పు చెప్పేస్తారు. తప్పు చేసినవాడికి నోరుంది, దెబ్బ తిన్నవాడికి లేదట!

మేం అడుగుతున్నాం: గోండు గూడేల మధ్య రోజూ బండి తిప్పేవాడికి గోండీ ముక్క రాకపోతే, భాష రానిది ఎవరికి?

గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడాల్సింది డ్రైవరేనని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. తెలుగు వచ్చినవారికే అని అందులో ఎక్కడా లేదు.

టీచర్లారా, ఆ సెక్షన్‌ను గోండీలో, కొలామీలో పిల్లలకు చెప్పండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బండి నంబరు రాసుకోండి. స్టేషన్‌లో మన మాటలోనే చెప్పండి. దుబాసీని వెతుక్కోవాల్సింది వాళ్లు, మనం కాదు.