గుండెలో షాక్ పరికరం అందరికీ అవసరమా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పుట్టుకతో గుండెజబ్బున్న ఎందరో పేద పిల్లలకు ఆపరేషన్లు జరిగాయి. వారిలో చాలామంది నేడు పెద్దవారయ్యారు. "ఆపరేషన్ అయింది కదా" అని పరీక్షలు మానేయడం మంచిది కాదు. ఆపరేషన్ మచ్చ వల్ల ఏళ్ల తర్వాత కూడా గుండె లయ తప్పవచ్చు, ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోవచ్చు. అప్పుడు షాక్ ఇచ్చి లయను సరిచేసేదే ఐ.సి.డి. దీనిని మొదట 1980లో అమెరికాలో మనిషికి అమర్చారు.

గుండె ఆగి బతికి బయటపడినవారికి సాధారణంగా ఇది అవసరం. మిగిలినవారికి గుండె బలం, మచ్చలు, ఇ.సి.జి., స్పృహ తప్పిన సందర్భాలు చూసి నిర్ణయించాలి. ఎందుకంటే అనవసరపు షాకులు, ఇన్‌ఫెక్షన్, బ్యాటరీ అయిపోయాక మళ్లీ ఆపరేషన్ వంటి ఇబ్బందులూ ఉన్నాయి. భయపడి వద్దనకండి, భయపడి కావాలనీ పట్టుబట్టకండి. పాత ఆపరేషన్ కాగితాలు భద్రపరచండి. గుండెదడతో కళ్లు తిరిగితే వెంటనే డాక్టరుకు చూపించండి.