తాడని తెలిసినా ఆగని వణుకు

మసకచీకటిలో త్రోవన పడియున్న రజ్జువును చూచి సర్పమని భ్రమించిన బాటసారి దృష్టాంతం వేదాంతజిజ్ఞాసువులందరికీ సుపరిచితమే. దీపం తేగానే భ్రాంతి తొలగుతుంది. ఉపన్యాసాలు సాధారణంగా అక్కడితో ముగుస్తాయి. కాని ఆ బాటసారి దేహం మాటేమిటి? పంచదశిలోని తృప్తిదీపప్రకరణం ఈ ప్రశ్నను విడువలేదు. తాడని తెలిసిన పిమ్మట కూడా కంపం మెల్లమెల్లగానే ఉపశమిస్తుందని, మరల మసకచీకటిలో అదే తాడు పామువలె తోచవచ్చునని అక్కడ చెప్పబడింది.

ఆధునిక శారీరకశాస్త్రం చెప్పేదీ దీనికి విరుద్ధం కాదు. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో ఈ భయవికారాలను వివరించాడు. ఆపద ఎదురైన క్షణాన మూత్రపిండాలపైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను స్రవిస్తాయి. గుండె వేగిరపడుతుంది, నోరు ఎండుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, రక్తం కండరాలకు పరుగిడుతుంది. పోరాడుటకో పారిపోవుటకో దేహం చేసుకొనే సన్నాహమిది. బుద్ధి ఆజ్ఞకై అది వేచియుండదు. బుద్ధి చాలునన్నంత మాత్రాన తక్షణం ఆగదు.

కనుక రోడ్డు ప్రమాదం నుండి బయటపడి వణుకుతున్నవానిని "ఏమీ కాలేదు కదా, ఇంకా ఈ పిరికితనమేమిటి?" అని గద్దించడం అవివేకం. "భగవంతునిపై విశ్వాసముంటే భయమెందుకు?" అనడం అంతకంటె క్రూరం. దైవీసంపదలో అభయమే ప్రథమం కదా అని కొందరు ఆక్షేపిస్తారు. నిజమే, కాని అభయం అంతఃకరణధర్మం, కంపం దేహధర్మం. జ్ఞానికి సైతం ప్రారబ్ధం తక్షణం నశింపదని నిరూపించడానికే పంచదశి ఈ వణుకును ఉదాహరించింది. జ్ఞానికే తప్పనిదానిని సామాన్యునిలో దోషంగా ఎంచడం ఏ శాస్త్రసమ్మతం?

అట్టివానిని కూర్చుండబెట్టి, దుప్పటి కప్పి, చెంత నిలిచి, శ్వాసను దీర్ఘంగా విడువమనడం ప్రథమకర్తవ్యం. జరిగినదంతా చెప్పుమని నిర్బంధింపరాదు. కొన్ని దినాలు హారన్ మ్రోతకే ఉలికిపడినా ఆశ్చర్యం లేదు. అది మసకచీకటిలో మరల తోచిన పామే. నెల గడచినా నిద్ర పట్టక, ఆ దృశ్యమే వెంటాడుతుంటే మాత్రం వైద్యుని ఆశ్రయించవలసిందే. దిష్టి తీసి, రక్షరేకు కట్టి ఊరకుండుట చాలదు. పూజ మనస్సుకు ఆలంబనమే గాని చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

దీపం తెచ్చినవాని బాధ్యత తాడును చూపడంతో తీరదు. వణుకు తగ్గేవరకు ఆ చేయి పట్టుకొని నిలవడం కూడా ధర్మమే.