పొరుగువారిని ఎందుకు పట్టుకున్నారు?

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి లేచి నిలబడి, తన పొరుగువారిని ఏ కారణంతో నిర్బంధించారని ప్రశ్నించాడు. ప్రవక్త (స) రెండుసార్లు ముఖం తిప్పుకున్నారు. అతడు మళ్ళీ అడిగాడు. చివరకు అతని పొరుగువారిని విడిచిపెట్టమని ఆయన ఆజ్ఞాపించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను మేము విద్యార్థులకు ఏటా బోధిస్తాము.

మొన్న కారేపల్లిలో ఈ హదీసు వివరించిన తరువాత ఒక తల్లి మమ్మల్ని అడిగింది: "మౌల్వీసాబ్! బిడ్డను పోలీసులు రాత్రి తీసుకుపోతే, ఎక్కడున్నాడో చెప్పకపోతే, మాలాంటివాళ్ళం ఎవరిని అడగాలి?" నేటి ఈ శీర్షిక ఆమెకు మా సమాధానం.

ఆ భయం అకారణమైనది కాదు. 2023 జనవరి చివరలో మెదక్‌కు చెందిన ఒక ముస్లిం కూలీని గొలుసు దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకుని కొన్ని రోజులు ఉంచుకుని వదిలిపెట్టారు. తనను హింసించారని చెప్పిన అతడు ఫిబ్రవరిలో హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో మరణించాడు. పత్రికల్లో వార్త చూసి హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. న్యాయస్థానం తలుపు తెరుచుకుంది, కాని అప్పటికి ఆ మనిషి లేడు. కనుక మొదటి రోజే కదలాలి.

అరెస్టు చేసిన ఏ వ్యక్తినైనా, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం ఆదేశిస్తున్నది. అరెస్టు కారణం చెప్పాలి, న్యాయవాదిని కలుసుకోనివ్వాలి, కుటుంబానికి తెలియజేయాలి. అరెస్టు పత్రంపై తేదీ, సమయం ఉండాలి. ఇంటివారో, ఊరిలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించిన ఈ జాగ్రత్తలలో అధిక భాగం నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే ఉన్నాయి. "విచారణకే పిలిచాం, అరెస్టు కాదు" అన్నంత మాత్రాన మనిషిని రాత్రులు ఠాణాలో ఉంచుకునే హక్కు ఎవరికీ రాదు.

ఇంటివారు ఒంటరిగా వెళ్ళరాదు. మస్జిదు కమిటీ పెద్దలో, న్యాయవాదో తోడుండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకువెళ్ళారు, వాహనం సంఖ్య ఏమిటి, ఎవరు చూశారు అన్నవి వెంటనే కాగితంపై వ్రాయాలి. ఆ అర్జీని ఠాణాలో ఇవ్వాలి. తీసుకోకపోతే పోలీసు కమిషనరుకు, జిల్లా న్యాయమూర్తికి స్పీడ్ పోస్టులో పంపి రశీదు భద్రపరచాలి. ఠాణా సీసీ కెమెరాల దృశ్యాలు చెరిపివేయవద్దని అందులోనే కోరాలి. ప్రతి ఠాణాలోనూ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దళారికి డబ్బు ఇస్తే రశీదు రాదు, మనిషి వస్తాడన్న భరోసా అంతకన్నా ఉండదు.

24 గంటలు దాటినా జాడ తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయాలి. మనిషిని మా ముందుకు తీసుకురండి అని న్యాయస్థానం ఆదేశించేందుకు ఇది మార్గం. బంధువే కాదు, మిత్రుడూ వేయవచ్చు. అక్రమ నిర్బంధంలో ఉన్నవారిని వెదికించమని స్థానిక మేజిస్ట్రేటును కోరే వీలు సంహితలోని 100వ సెక్షను ఇస్తున్నది. రిమాండు అయిన తరువాత మాత్రం సాధారణంగా బెయిలే దారి. ఫీజు ఇచ్చుకోలేనివారు ఖమ్మం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించాలి, లేదా 15100కు ఫోను చేయాలి. స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

ఒడిశాలో కస్టడీలో కుమారుణ్ణి పోగొట్టుకున్న నీలావతి బెహెరా సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం వ్రాసింది. దానినే పిటిషనుగా స్వీకరించి, 1993లో ఆమెకు లక్షా యాభై వేల రూపాయల పరిహారం చెల్లించమని న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆదేశించింది. కుమారుడు తిరిగిరాలేదు. కాని ఒక తల్లి వ్రాసిన కాగితం దేశమంతటికీ చట్టమైంది.

మన బిడ్డ నిజంగా తప్పు చేసి ఉంటే దాచమని మేము చెప్పడం లేదు. సాక్ష్యం మన స్వంతవారికి వ్యతిరేకమైనా న్యాయం పక్షానే నిలబడమని ఖుర్ఆన్ మనకు బోధించింది. తప్పు తేల్చవలసింది న్యాయస్థానం, ఠాణాలోని చీకటి గది కాదు. పట్టుబడినవాడు మన మస్జిదువాడైనా, అడవి అంచు గూడెంలోని కోయ సోదరుడైనా, లేచి అడగడం పొరుగువారిగా మన బాధ్యత.

లేచి అడిగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.