ఉచిత నీరు కుళాయికా, కుటుంబానికా?

హైదరాబాదులో గృహావసరాలకు నెలకు 20 వేల లీటర్ల మంచినీరు ఉచితమన్న పథకం 2021 జనవరిలో మొదలైంది. పథకం మంచిదే, దానిని మేము కాదనడం లేదు. లెక్కించే పద్ధతిని మాత్రమే ప్రశ్నిస్తున్నాము.

అపార్టుమెంటులోనైతే ఒక్కొక్క ఫ్లాటుకు 20 వేల లీటర్లు. విడి ఇల్లయితే కనెక్షనుకు అంతే. పాతబస్తీ గల్లీలలో ఒకే గడప లోపల తల్లిదండ్రులు, ముగ్గురు అన్నదమ్ములు, వారి భార్యాబిడ్డలు కలిసి పదిహేను మంది కాపురముండటం వింత కాదు. పొయ్యిలు మూడు, రేషన్ కార్డులు మూడు, కుళాయి ఒక్కటే.

లెక్క చూడండి. 20 వేల లీటర్లను 30 రోజులకు పంచితే రోజుకు 666 లీటర్లు. నగరవాసికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అంటే అది ఐదుగురికి సరిపోయే నీరు. పదిహేను మంది పంచుకుంటే తలకు 44 లీటర్లే. ఆపైన వాడిన ప్రతి బొట్టుకూ బిల్లు. విశాలమైన ఫ్లాటులోని ఇద్దరు దంపతులకు లేని భారం ఇరుకింటిలోని పదిహేను మందిపై పడుతున్నది. ఇదేమి న్యాయం?

ఎక్కువ వాడినవారు కట్టవద్దా అని కొందరు అడుగుతారు. వీరు ఎక్కువ వాడటం లేదు. ఎక్కువమంది ఉన్నారు, అంతే. దుబారాను మేము సమర్థించము. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదన్నది మన ప్రవక్త (స) బోధన. అయితే మదీనాలో యజమాని అమ్ముకుంటున్న రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని, ధనిక పేద తేడా లేకుండా అందరికీ ధారపోసిన సంగతీ మనకు తెలుసు.

కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లోనే సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కును మనుషులను బట్టి కొలవాలి గాని గొట్టాలను బట్టి కాదు.

ఇది ముస్లిములొక్కరి గోడు కాదు. ఉమ్మడి కుటుంబాలున్న ప్రతి బస్తీదీ ఇదే కథ. కనుక మేము కోరేది ఒక్కటే: విడి ఇళ్ళలోనూ రేషన్ కార్డు ఆధారంగా ప్రతి కుటుంబానికి 20 వేల లీటర్లు లెక్కించాలి. కిరాయిదారులనూ ఆ లెక్కలో చేర్చాలి.

మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత ఒక బల్ల వేసి, ఇంటింటి లెక్క రాయించాలి. పొరుగు బస్తీల వారినీ కలుపుకొని వినతిపత్రాలు సమర్పించి, రసీదు తీసుకోవాలి. దస్త్రాల మధ్య జీవితం గడిపినవారిగా చెబుతున్నాము: నోటి మాట గాలికి పోతుంది, రసీదున్న అర్జీకి జవాబివ్వక తప్పదు. మనము దానం అడగటం లేదు, లెక్క సరిచేయమంటున్నాము.