సర్వేలు చాలు, వార్డుల్లోకి పంపండి

సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ పట్టా చేతికొచ్చిన అమ్మాయిని తీసుకెళ్లి డయాలసిస్ కేంద్రంలో నిలబెట్టండి. కేస్ షీటు చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కిడ్నీ దెబ్బతిన్నదని చెప్పే క్రియాటినిన్ పెరిగిందంటే ఆ ఇంటి మీద ఏం పడబోతోందో ఎవరూ చెప్పలేదు. డాక్టరు ముందు నోరు విప్పాలంటే భయం. తప్పు ఆమెది కాదు. రెండేళ్లపాటు ఆమెను దత్తత గ్రామంలో సర్వేలకు, వీధుల్లో ర్యాలీలకు తిప్పి, రికార్డు పుస్తకంలో సంతకం గీకి పంపేసిన సోషల్ వర్క్ విభాగాలది.

కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లి చూడండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. కావలసిందే. కానీ కూలికెళ్తే తప్ప పొయ్యి వెలగని మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అంటే సగం వారం కూలి పోయినట్టే. తోడు రావాలంటే భార్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మానుకోవాలి. పింఛను కాగితం ఏదో బల్ల మీద ఆగితే ఆటో కిరాయికి కూడా అప్పే. ఒక వారం ఆయన రాడు. షీటులో ‘రాలేదు’ అని పడుతుంది, అంతే. ఎందుకు రాలేదో కనుక్కోవాలి, షిఫ్టు మార్పించాలి, పింఛను కదిలించాలి, రాత్రుళ్లు నిద్రలేక కుమిలిపోతుంటే మానసిక వైద్యుడికి చూపించాలి, ఇదంతా నెఫ్రాలజిస్టు చెవిన వేయాలి. ఇవన్నీ ఒకచోట కలిస్తేనే సమగ్ర వైద్యం. కలిపే మనిషినే మనం తయారు చెయ్యడం లేదు.

ఆసుపత్రుల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రలు ఉన్నారు కదా అంటారు. అనుమతులు, కాగితాలతోనే వాళ్లకు పొద్దు చాలదు. కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడటానికి వేరే చదువు కావాలి.

ఆసుపత్రిలో శిక్షణ పొందిన సోషల్ వర్కర్ కావాలనడం కొత్త కోరికేమీ కాదు. బొంబాయి జె.జె. ఆసుపత్రి 1946లోనే మెడికల్ సోషల్ వర్కర్‌ను పెట్టుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఎంఎస్‌డబ్ల్యూ పైన మరో రెండేళ్లు పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉండాలంది. మరి టీబీ వార్డుకు, క్యాన్సర్ వార్డుకు అలాంటి శిక్షణ అక్కర్లేదా? టీబీ, తాగుడు, షుగరు మూడూ ఒకే మనిషికి ఉండటం మన ఛాతీ ఆసుపత్రుల్లో రోజూ చూసేదే! 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్ సోషల్ వర్కర్‌ను కూడా తన జాబితాలో చేర్చింది. చట్టం గుర్తించిన వృత్తిని విశ్వవిద్యాలయాలు ఇంకా ఐచ్ఛిక పేపరుగా నెట్టేయడం సిగ్గుచేటు.

వార్డుల్లో సోషల్ వర్కర్లను పెట్టడానికి డబ్బు లేదనకండి. పట్టించుకునే మనిషి లేక టీబీ రోగి మందు మధ్యలో మానేసి, మందులకు లొంగని జబ్బుతో తిరిగొస్తే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంతో ఆరోగ్య శాఖకు బాగా తెలుసు. ప్రాజెక్టు నిధులున్నంత కాలం వాళ్లను కాంట్రాక్టు మీద వాడుకుని, అవి అయిపోగానే ఇంటికి పంపడం మానేసి శాశ్వత పోస్టులు ఇవ్వండి.

ఎంఎస్‌డబ్ల్యూ చదువులో ఆరు నెలలు పూర్తిగా వార్డులో గడవాలి. పైన అనుభవమున్న సోషల్ వర్కర్ ఉండాలి, పేరుకు సంతకం పెట్టే లెక్చరర్ కాదు. పీజీ డాక్టర్లు, నర్సింగ్ విద్యార్థులతో పాటు రౌండ్స్‌లో నిలబడి ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థిని కూడా తన కేసు చెప్పాలి, వాళ్లు వినాలి. బోధనాసుపత్రితో ఒప్పందం చూపించలేని ఎంఎస్‌డబ్ల్యూ కాలేజీకి వచ్చే ఏడాది ఒక్క సీటు కూడా ఇవ్వకండి.